హెర్బేరియం షీటు మార్కుల కోసమేనా?

నమస్కారం. బాటనీ డిపార్ట్‌మెంట్ అనగానే మైక్రోస్కోపులు, టిష్యూ కల్చర్ ల్యాబ్, డీఎన్‌ఏ మెషీన్లు చూపిస్తారు. అవన్నీ కావాల్సినవే. నేను మాత్రం ఈరోజు హెర్బేరియం గది గురించి మాట్లాడతాను. చెట్ల కొమ్మల్ని పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, షీటు మీద అతికించి, బీరువాల్లో దాచే గది అది. చాలామంది విద్యార్థులకు అదొక ప్రాక్టికల్ తలనొప్పి. పరీక్షకు ముందురోజు రాత్రి కూర్చుని షీట్లు అతికించేస్తారు. కొందరైతే సీనియర్ షీటు తెచ్చి, తేదీ మార్చి పెట్టేస్తారు. అలా మార్చిన తేదీ వల్ల ఎంత నష్టమో చెబుతాను, వినండి.

1987లో ఇయాన్ వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం హెర్బేరియంలో ఉన్న పాత ఆకులు తీసి, వాటి పత్రరంధ్రాలు, అంటే ఆకు మీద ఉండే అతి చిన్న రంధ్రాలు లెక్కపెట్టారు. సుమారు 200 ఏళ్ల వ్యవధిలో వేర్వేరు కాలాల్లో సేకరించిన చెట్ల ఆకులవి. ఆ కాలంలో పత్రరంధ్రాల సాంద్రత దాదాపు 40 శాతం తగ్గిందని తేలింది.

ఎందుకు తగ్గింది? ఆకు కార్బన్ డయాక్సైడ్‌ను ఈ రంధ్రాల్లోంచే తీసుకుంటుంది. అవి తెరుచుకున్నంతసేపూ లోపలి నీరు ఆవిరై పోతూనే ఉంటుంది. పరిశ్రమలు రాకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 280 భాగాలు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. గాలిలో అది పెరిగేకొద్దీ తక్కువ రంధ్రాలతోనే మొక్కకు పని జరిగిపోతుంది, నీరూ మిగులుతుంది. ఈ మార్పంతా ఎండిన ఆకుల మీద అలాగే నిలిచి ఉంది. వాటిని సేకరించినవాళ్లకు ఈ ప్రశ్న ఊహకు కూడా అంది ఉండదు. వాళ్లు చేసిందల్లా ఆకును జాగ్రత్తగా ఆరబెట్టి, తేదీ నిజాయితీగా రాయడం. ఆ తేదీలు తప్పయితే ఈ లెక్కకు ఆధారమే లేదు.

ఈ లెక్క మీరూ చేయగలరు. ఆకు అడుగువైపు రంగులేని నెయిల్ పాలిష్ పలచగా పూయండి. బాగా ఆరనిచ్చి, దాని మీద టేపు అంటించి మెల్లగా లాగండి. ఆ టేపును స్లైడ్ మీద అతికించి మైక్రోస్కోపు కింద పెడితే, చిక్కుడు గింజల్లా ఎదురెదురుగా ఒంగిన రెండేసి రక్షక కణాలు, వాటి మధ్య సన్నటి చీలిక కనిపిస్తాయి. ఆ చీలికే పత్రరంధ్రం. ఒక ఫీల్డ్‌లో, అంటే మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే భాగంలో, ఎన్ని పత్రరంధ్రాలు ఉన్నాయో లెక్కపెట్టండి, ఇంకో ఫీల్డ్‌కు జరపండి, సగటు తీయండి. మొదటి సంవత్సరం విద్యార్థి కూడా ఒక మధ్యాహ్నంలో చేసేయొచ్చు.

ఇంకో ఉదాహరణ. 1845లో ఐర్లండ్‌లో బంగాళదుంప పంటను తెగులు తినేసింది, భయంకరమైన కరువు వచ్చింది. ఆ కాలంలో తెగులు సోకిన ఆకుల్ని ఎవరో ఆరబెట్టి దాచారు. 2013లో శాస్త్రవేత్తలు అలాంటి ఆకుల్లోంచి డీఎన్‌ఏ తీసి, ఆ తెగులుకు కారణమైన సూక్ష్మజీవి రకం ఏదో తేల్చారు. రోగం పట్టిన ఆకును చెత్తబుట్టలో వేయకుండా దాచినవాళ్లకు నేను మనసారా దండం పెడతాను.

ఇక లేబుల్ సంగతి. శాస్త్రీయ నామం తప్పు రాసినా ఫర్వాలేదంటాను. మొక్క ఎదురుగానే ఉంది కాబట్టి రేపు ఎవరైనా సరిదిద్దుతారు. ఎక్కడ కోశారు, ఏ రోజు, ఎవరు అన్నవి పోతే మళ్లీ రావు. నీడలో ఉందా, నీటి పక్కనా, ఎంత ఎత్తు పెరిగింది, ఇవీ రాయండి. పువ్వు రంగు అక్కడికక్కడే రాసుకోవాలి, ఎండాక చాలా పువ్వుల రంగు వెలిసిపోతుంది. ఫోన్లో లొకేషన్ అంకెలు వస్తాయి, అవీ ఎక్కించండి.

మనం వైవాలో, అంటే నోటి పరీక్షలో, మొక్క కుటుంబం పేరు, పువ్వు భాగాల్ని గుర్తులతో రాసే పుష్ప సూత్రం అడిగి పంపించేస్తున్నాం. బాటనీ బోధించే మాస్టార్లకు, మేడమ్‌లకు నాదొక విన్నపం. ఈసారి విద్యార్థి షీటు మీద మొక్క పేరు చేత్తో మూసి, "ఈ మొక్క ఏ రోజు, ఎక్కడ కోశావు, దాని చుట్టూ ఏమున్నాయి?" అని అడగండి. ఆ జవాబుకే ఎక్కువ మార్కులు వేయండి.