మొరగని కుక్క

శ్రోతలకు నమస్కారం. వేరుశనగ కుప్పల దగ్గర రాత్రి కావలి పడుకున్న మన కడప, అనంతపురం రైతులకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కుక్క మొరిగితే వచ్చినవాడు పరాయివాడు; మొరగలేదంటే వచ్చినవాడు తెలిసినవాడే. ఈ చిన్న ఎరుకను పట్టుకునే ఆర్థర్ కానన్ డాయిల్ 1892లో ఒక పందెపు గుర్రం మాయమైన కేసును షెర్లాక్ హోమ్స్ చేత తేల్పించాడు. లాయంలో కుక్క ఉండి కూడా ఆ రాత్రి ఎందుకు మొరగలేదన్న ఆలోచన హోమ్స్‌కు తప్ప మరెవరికీ తట్టలేదు.

ఆ కథలో అంతకంటే నాకు నచ్చినది కూర సంగతి. లాయం కాచే కుర్రవాడికి ఆ రాత్రి అన్నంలో నల్లమందు పెట్టారు. మామూలు తిండిలో దాని రుచి నాలుకకు వెంటనే తెలిసిపోతుంది; మసాలా దట్టించిన మాంసం కూరలో తెలియదు. అయితే ఆ పూట ఆ కూరే వండాలని నిర్ణయించగలిగినవారు ఎవరు? ఆ ఇంటివాళ్లు తప్ప ఇంకెవరు! నేరం జరిగిన చోటి నుంచి వంటింటి దాకా నడిచిన ఈ చూపే హోమ్స్‌ను ఇన్నేళ్లు బతికించిందని నా నమ్మకం. డాయిల్ ఎడిన్‌బరోలో వైద్యం చదివేటప్పుడు ఆయన గురువు జోసెఫ్ బెల్, రోగి నోరు విప్పకముందే అతని నడకను, చేతులను చూసి వృత్తి ఏమిటో చెప్పేవారట; హోమ్స్‌కు ఆ చూపు అక్కడి నుంచి వచ్చినదే.

అగాథా క్రిస్టీ సృష్టించిన పల్లెటూరి ముసలి డిటెక్టివ్ మిస్ మార్పుల్‌కు భూతద్దం కూడా అక్కరలేదు. అరుగు మీద కూర్చుని ఒత్తులు చేసుకుంటూ, వీధిలో ఎవరు ఏ వేళప్పుడు ఎటు పోయారో గుర్తుపెట్టుకునే అవ్వ మన ప్రతి పల్లెలోనూ ఉంటుంది. ఆమె చేతికి ఊలు, అల్లిక సూదులు ఇస్తే మిస్ మార్పుల్ అయిపోతుంది. ఎంత పెద్ద హంతకుడిని చూసినా మిస్ మార్పుల్‌కు తన పల్లెలోని ఎవరో ఒకరు గుర్తుకు వస్తారు, ఆ పోలికే దారి చూపుతుంది. బెంగాలీలో 1932లో శరదిందు బందోపాధ్యాయ సృష్టించిన బ్యోమకేశ్ బక్షీకి డిటెక్టివ్ అన్న పిలుపే నచ్చదు. తనను సత్యాన్వేషి అనమంటాడు.

మన తెలుగులో నా తరానికి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటి మనుషులతో సమానం. కడపలో చదువుకునే రోజుల్లో అద్దెకు తెచ్చుకున్న ఒక యుగంధర్ నవలలో చివరి రెండు ఆకులు చిరిగిపోయి ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టక, లెక్కల నోటుబుక్కు వెనుక అనుమానితుల పేర్లు వరుసగా రాసి, మొదటి పేజీ నుంచి మళ్లీ చదివాను. కథ కోసం పరుగెత్తినప్పుడు కనిపించని మాటలెన్నో, హంతకుడి కోసం వెతికినప్పుడు కనిపించాయి. తెల్లవారేసరికి ఒక పేరు తప్ప తక్కినవన్నీ కొట్టివేశాను. మరునాడు పుస్తకం తిరిగి ఇస్తూ ఆ పేరు చెబితే, షాపులోని పెద్దాయన కాసేపు ఆలోచించి, ఎట్లా కనుక్కున్నావు నాయనా అని అడిగి, ఆ రోజు అద్దె తీసుకోలేదు.