కాంతొ, కంతో: ఒక స్పానిష్ క్రియ, అన్ని కాలాలూ

[తెర: రెండు మాటలు పక్కపక్కన. కాంతొ. కంతో.]

మొదటిది 'నేను పాడతాను'. రెండోది 'అతను పాడాడు' లేదా 'ఆమె పాడింది'. మనిషి మారాడు, కాలం మారింది. స్పానిష్ అక్షరాలు మాత్రం అవే. తేడా అంతా గొంతు ఎక్కడ నొక్కిందన్న దానిలోనే ఉంది. స్పానిష్ క్రియల్ని పట్టికలు చూసి బట్టీ పట్టేవాళ్ళు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ నొక్కునే. అందుకే దాన్ని వదలకుండా, 'కంతార్', అంటే 'పాడటం' అనే ఒక్క క్రియను మొదటి నుంచి చివరిదాకా నడిపిద్దాం.

ముందు రాత సంగతి. ఈ వీడియోలో నొక్కి పలికే అచ్చుకు దీర్ఘం పెట్టాం, మిగతావాటికి హ్రస్వం. దీర్ఘం ఉంది కదా అని సాగదీయకండి, అక్కడ గొంతు కాస్త గట్టిగా పలకాలి, అంతే. స్పానిష్ త, ద మన త, ద లాంటివే, నాలుక పళ్ళకు తగులుతుంది. ఇంగ్లీషు అలవాటుతో 'కాంటొ' అనకండి. స్పానిష్ వాళ్ళ రాతలో 'కంతో' చివరి అచ్చు మీద చిన్న వాలుగీత ఉంటుంది. ఫోన్లో టైప్ చేస్తూ ఆ గీత వదిలేస్తే 'అతను పాడాడు' కాస్తా 'నేను పాడతాను' అయిపోతుంది.

[తెర: కంత్ + ఆర్]

కంతార్‌లో చివరి 'ఆర్' తీసేస్తే మిగిలేది ధాతువు, 'కంత్'. దానికి తోకలు తగిలించాలి. వర్తమానం ఇదీ:

[తెర: కాంతొ – నేను. కాంతస్ – నువ్వు. కాంత – అతను, ఆమె. కంతామొస్ – మేము, మనం. కంతాయిస్ – మీరంతా. కాంతన్ – వాళ్ళు.]

'కాంత' ఒక్కటీ మనవాళ్ళకు ఎప్పటికీ మరుపు రాదు. నొక్కు ఎక్కడుందో చూడండి. నాలుగు రూపాల్లో ధాతువు మీద ఉంది. కంతామొస్, కంతాయిస్ దగ్గర మాత్రం తోక మీదికి జారింది. ఈ అమరిక గుర్తుంచుకోండి, తర్వాత మళ్ళీ పనికొస్తుంది.

ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. 'పాడతాను' అన్నాక 'నేను' అని వేరే చెప్పక్కర్లేదు, తోకే చెబుతుంది. స్పానిష్‌లోనూ అంతే. 'యో కాంతొ' అని ప్రతిసారీ అంటే 'నేనే పాడతాను' అని నొక్కి చెప్పినట్టుంటుంది. కొన్ని చోట్ల స్పానిష్ మనకంటే తేలిక కూడా. పాడాడు, పాడింది అన్న తేడా క్రియలో లేదు. మేము, మనం తేడా లేదు.

గౌరవవాచకం దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. మనం 'మీరు' అని బహువచనం వాడతాం. స్పానిష్‌లో గౌరవానికి 'ఉస్తేద్' అనాలి. అది 'బ్వేస్త్ర మెర్సేద్', అంటే 'తమ దయ' అన్న మాట అరిగి అలా మిగిలింది. ఎదుటివాళ్ళను కాకుండా వాళ్ళ దయను సంబోధించినట్టు కాబట్టి క్రియ 'అతను' రూపంలోనే ఉంటుంది: ఉస్తేద్ కాంత. 'దొరవారు ఏం సెలవిస్తారు' అని ఎదురుగా ఉన్న మనిషినే అడిగే పాత పద్ధతి గుర్తు తెచ్చుకోండి. ఇక 'కంతాయిస్' అనే 'మీరంతా' రూపం ప్రధానంగా స్పెయిన్‌లో వాడేది. లాటిన్ అమెరికాలో 'ఉస్తేదెస్ కాంతన్' అంటారు. మీ పని మెక్సికో వాళ్ళతోనో కొలంబియా వాళ్ళతోనో అయితే 'కంతాయిస్' వింటే అర్థమయ్యేలా ఉంచుకుంటే చాలు.

[తెర: గడిచిన కాలం, రెండు దారులు]

ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మనకు అంత కష్టం కాదు, ఎందుకంటే ఈ తేడాలో సగం తెలుగులో ముందే ఉంది.

జరిగి ముగిసిన పనికి: కంతే, కంతాస్తె, కంతో, కంతామొస్, కంతాస్తెయిస్, కంతారొన్. పాడాను, పాడావు, పాడాడు.

అలవాటుగా సాగిన పనికి: కంతాబ, కంతాబస్, కంతాబ, కంతాబమొస్, కంతాబయిస్, కంతాబన్. పాడేవాణ్ణి, పాడేవాడివి, పాడేవాడు.

కాబట్టి మనసులో 'పాడేవాళ్ళం' అని వస్తే నిస్సంకోచంగా కంతాబమొస్ అనండి. మిగతా సగం దగ్గర తెలుగు మనల్ని కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. 'నేను పాడుతుంటే కరెంటు పోయింది' అనే వాక్యంలో 'పాడేవాణ్ణి' అనే రూపమే లేదు. అయినా స్పానిష్‌లో పాట కంతాబే: మ్యేంత్రస్ కంతాబ, సె ఫ్వే ల లూస్. (వాళ్ళకూ కరెంటు 'పోతుంది', మాటకు మాట తీస్తే 'వెలుగు వెళ్ళిపోయింది' అని.) పాట అప్పటికే సాగుతోంది, దాని మధ్యలోకి కరెంటు పోవడం అనే సంఘటన వచ్చిపడింది. మెక్సికో బడుల్లో ఈ కాలాన్ని 'కొప్రెతేరితొ' అంటారు. కారకస్‌లో పుట్టి చిలీలో స్థిరపడిన 19వ శతాబ్దపు వ్యాకరణవేత్త అంద్రేస్ బేయొ పెట్టిన పేరది. 'కొ' అంటే తోడుగా: గడిచిన ఇంకో పనికి తోడుగా సాగుతున్న పని. 'ఇంపర్ఫెక్ట్' అనే మామూలు పేరు కంటే ఇది ఎంతో మేలు, పని ఏమిటో పేరే చెప్పేస్తోంది.

రెండో చిక్కు. పని చాలాకాలం సాగింది కదా అని కంతాబ దారి పట్టకండి. 'మద్రీద్‌లో పదేళ్ళు ఉన్నాం' అంటే బిబీమొస్ ద్యేస్ ఆన్యొస్ ఎన్ మద్రీద్. పదేళ్ళు అని లెక్క కట్టేశారు, మొదలూ చివరా తేలిపోయాయి, అంటే ముగిసిన పని కిందే లెక్క. 'అప్పట్లో మద్రీద్‌లో ఉండేవాళ్ళం' అంటే మాత్రం బిబీయమొస్. ఎంతకాలం సాగిందన్నది కాదు, మూత పడిందా లేదా అన్నదే ప్రశ్న.

ఇంకొకటి: 'కంతామొస్' పాడతాం కూడా, పాడాం కూడా. పక్కన 'అయేర్', అంటే 'నిన్న' లాంటి మాట ఉంటే గానీ తెలియదు. స్పానిష్ క్రియలు చివరి శబ్దాన్ని బట్టి ఆర్, ఏర్, ఈర్ అని మూడు జాతులు. ఆర్ క్రియలకూ, ఈర్ క్రియలకూ ఈ ఇబ్బంది ఉంది. ఏర్ క్రియలకు లేదు: కొమేమొస్ తింటాం, కొమీమొస్ తిన్నాం.

[తెర: కంతర్ + ఏ = కంతరే]

భవిష్యత్తులో ధాతువు జోలికి పోరు, మొత్తం క్రియకే తోక పెడతారు: కంతరే, కంతరాస్, కంతరా, కంతరేమొస్, కంతరేయిస్, కంతరాన్. ఈ తోకలు కొత్తవేం కావు. లాటిన్ నుంచి స్పానిష్ రూపుదిద్దుకునేటప్పుడు 'పాడటం నాకు ఉంది' అన్నట్టు కంతార్ పక్కన 'అబేర్' అనే సహాయక క్రియ చేరి అతుక్కుపోయింది. ఏ, ఆస్, ఆ, ఏమొస్, ఆన్ అనేవి అబేర్ వర్తమాన రూపాలే. పాత స్పానిష్‌లో ఈ రెండింటి మధ్య ఇంకో మాట దూర్చడానికి కూడా వీలుండేది.

ఇవి నేర్చుకుంటే ఒకే దెబ్బకు ఇంకో పనీ అయిపోతుంది. విడిగా నిలబెడితే అవే పూర్తయిన పనిని చెబుతాయి: ఏ కంతాదొ, ఆస్ కంతాదొ, ఆ కంతాదొ. స్పెయిన్‌లో ఎక్కువ చోట్ల 'ఇవాళ పాడాను' అనడానికి ఓయ్ ఏ కంతాదొ అంటారు. లాటిన్ అమెరికాలో ఎక్కువగా ఓయ్ కంతే అంటారు. రెండూ సరైనవే. 'అప్పటికే పాడేశాను' అనాలంటే అబీయ కంతాదొ.

భవిష్యత్ రూపానికి మన 'ఉంటాడు' లాంటి గుణం ఒకటి ఉంది. 'ఇంట్లో ఉంటాడు' అన్నప్పుడు మనం రేపటి మాట చెప్పడం లేదు, ఇప్పటి సంగతి ఊహిస్తున్నాం. ఎస్తరా ఎన్ కాస. అచ్చంగా అదే ఊహ.

ఇక 'కంతరీయ', అంటే 'పాడతాను గానీ...' అనే షరతు రూపం. కంతర్‌కు అబేర్ గతరూపం 'అబీయ' లోని 'ఈయ' అతుక్కుంటే వచ్చిందిది. తెలుగులో 'వచ్చి ఉంటే పాడేవాణ్ణి' అన్నప్పుడు జరగని పనికి కూడా 'పాడేవాణ్ణి' అనే పాత అలవాటు రూపాన్నే వాడతాం కదా. రెండు భాషలకూ చుట్టరికమే లేదు, అయినా జరగని పనిని చెప్పడానికి రెండూ సాగిన గతాన్నే అరువు తెచ్చుకున్నాయి.

[తెర: అచ్చు తారుమారు. కాంత → కాంతె. కోమె → కోమ.]

సబ్జంక్టివ్, అంటే కోరిక, అనుమానం, ఇంకా జరగని పని లాంటివి చెప్పే రూపం. ఆ పేరు వింటేనే చాలామంది భయపడతారు. తయారీ చూస్తే అన్నింటికంటే సులువు. 'నేను' రూపం చివరి 'ఒ' తీసేసి, అచ్చు తారుమారు చేయండి. ఆర్ క్రియకు ఎ, ఏర్, ఈర్ క్రియలకు అ: కాంతె, కాంతెస్, కాంతె, కంతేమొస్, కంతేయిస్, కాంతెన్. వర్తమానంలో చూసిన నొక్కు అమరికే ఇది. 'కాంతె' అనబోయి 'కంతే' అన్నారో, 'నేను పాడాను' అయిపోతుంది.

కష్టం తయారీలో లేదు, ఎప్పుడు వాడాలన్నదే కష్టం. 'నేను పాడాలనుకుంటున్నాను', 'నువ్వు పాడాలనుకుంటున్నాను' రెంటికీ మనకు 'పాడాలి' ఒక్కటే. అందులో పాడేది ఎవరో లేదు. స్పానిష్ అలా ఊరుకోదు. కోరేదీ పాడేదీ ఒక్కరే అయితే క్యేరొ కంతార్. కోరేది నేను, పాడేది నువ్వు అయితే క్యేరొ కె కాంతెస్.

ఇంకో చోట. 'నువ్వు పాడినప్పుడు వింటాను.' ఇది రోజూ జరిగేదా, ఇక జరగబోయేదా? తెలుగు వాక్యంలో తేలదు, 'పాడినప్పుడు', 'వింటాను' రెండూ రెండిటికీ సరిపోతాయి. స్పానిష్ తేల్చి చెప్పమంటుంది. రోజూ అయితే క్వాందొ కాంతస్, తె ఎస్కూచొ. ఇంకా జరగలేదంటే క్వాందొ కాంతెస్, తె ఎస్కుచరే. జరిగిందా, ఇంకా గాలిలోనే ఉందా అన్నదే ఇక్కడ కొలత. పాడుతుందనుకుంటున్నాను అంటే క్రేయొ కె కాంత. పాడుతుందనుకోను అంటే నొ క్రేయొ కె కాంతె. అలాగే 'ఒహలా' తర్వాత కూడా: ఒహలా కాంతె, 'పాడితే బాగుండు'. స్పెయిన్‌లో అరబ్బీ వాడిన కాలం నుంచి మిగిలిన మాట ఒహలా, 'దేవుడు తలిస్తే' అని దాని మూలార్థం.

గతంలోని సబ్జంక్టివ్ కావాలంటే 'వాళ్ళు పాడారు' రూపం తీసుకోండి. కంతారొన్‌లో 'రొన్' తీసి 'ర' పెట్టండి: కంతార, కంతారస్, కంతార, కంతారమొస్, కంతారయిస్, కంతారన్. 'ర' బదులు 'సె' పెట్టి కంతాసె అన్నా సరే. నేను పాడితే గెలుస్తాను (పాడనని తెలిసీ అంటే): సి కంతార, గనరీయ. 'సి' అంటే మన 'పాడితే'లోని 'ఇతే'. దాని పక్కన కంతరీయ పెట్టడం నేర్చుకునేవాళ్ళలో చాలా మామూలు తప్పు. సి వెనక 'ర', రెండో సగంలో 'రీయ'. పాడి ఉంటే గెలిచేవాణ్ణి అనాలంటే: సి ఉబ్యేర కంతాదొ, అబ్రీయ గనాదొ.

ఆజ్ఞకు వేరే పట్టిక అక్కర్లేదు. పాడు: కాంత. పాడండి: కాంతె, ఎక్కువమంది ఉంటే కాంతెన్. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుతో కంతాద్. అర్జెంటీనాలో 'నువ్వు'కు 'బోస్' వాడతారు కాబట్టి కంతా. వద్దనడం మాత్రం పూర్తిగా సబ్జంక్టివే: నొ కాంతెస్, పాడకు. 'నొ కాంత' అంటే 'పాడదు' అనే అర్థం వస్తుంది.

[తెర: కొమేర్ – తినడం. బిబీర్ – ఒకచోట ఉండటం, జీవించడం.]

మిగతా రెండు జాతులకు తేడాలు కొద్దిగానే ఉన్నాయి. వర్తమానం: కోమొ, కోమెస్, కోమె, కొమేమొస్, కొమేయిస్, కోమెన్. బిబీర్ కూడా అంతే, రెండు చోట్ల తప్ప: బిబీమొస్, బిబీస్. గతంలో రెండూ కవలలు: కొమీ, కొమీస్తె, కొమ్యో, కొమీమొస్, కొమీస్తెయిస్, కొమ్యేరొన్. సాగిన గతానికి 'ఆబ' బదులు 'ఈయ': కొమీయ, బిబీయ.

రాతలో ఒక చిక్కుంది. బుస్కార్ (వెతకడం), పగార్ (డబ్బు కట్టడం) నూటికి నూరుపాళ్ళు నియమబద్ధమైన క్రియలే: బుస్కే, పగే. తెలుగు లిపిలో చూస్తే ఏ మార్పూ కనిపించదు. స్పానిష్ రాతలో మాత్రం క బదులు వేరే అక్షరం, గ పక్కన అదనంగా ఒక 'యు' వస్తాయి. ఆ లిపిలో 'సి' అక్షరాన్ని ఎ, ఇ ల ముందు క అని పలకరు, 'జి' అక్షరాన్ని గ అని పలకరు. శబ్దాన్ని కాపాడటానికే రాత మారింది. వీటిని అపవాదాల జాబితాలో వేసి బట్టీ పట్టకండి, పైకి పలికి చూసుకోండి.

[తెర: నదార్ – ఈదడం]

వీడియో ఆపి, కాగితం మీద ఈ ఐదూ స్పానిష్‌లో రాయండి. చిన్నప్పుడు ఈదేవాళ్ళం. నిన్న ఆమె ఈదింది. నువ్వు ఈదాలని మా అమ్మ కోరిక. ఈదకు. నేను ఈదితే (ఈదనని తెలిసీ).

[తెర, పది సెకన్ల తర్వాత: నదాబమొస్. నదో. నాదెస్. నొ నాదెస్. సి నదార.]

మూడోదానికీ నాలుగోదానికీ ఒకే రూపం వచ్చి ఉండాలి. రెండోదాంట్లో చివరి అచ్చు మీద గీత పెట్టారో లేదో చూసుకోండి.