ఫారంలో లేని గడి

వేదిక మీది పెద్దలకు, కొత్తగా విద్యాశాఖలో జిల్లా, మండల బాధ్యతలు చేపట్టి ఈ శిక్షణ కోసం హైదరాబాదు దాకా వచ్చిన మిత్రులకు నమస్కారం. ‘జిల్లా స్థాయిలో మార్పు: నిర్ణయం, అమలు’ అన్న అంశం మీద మాట్లాడమన్నారు. చాలా రాసుకొచ్చాను గాని, మిమ్మల్ని చూశాక ఒక ఫారం సంగతి ముందు చెప్పాలనిపిస్తున్నది.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలన్నది. ఆ కమిటీ తయారుచేసిన అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ ప్రణాళికలకు, నిధులకు ఆధారం కావాలని 22వ సెక్షన్ చెబుతున్నది. అంటే నిర్ణయం బడి నుంచి బయలుదేరి జిల్లాకు చేరాలి.

నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నప్పుడు ఆ ప్రణాళిక జిల్లా కార్యాలయం నుంచే అచ్చయిన ఫారంగా వచ్చింది, సాయంత్రం ఐదింటికల్లా నింపి పంపాలన్న ఆదేశంతో. ‘బాలికల మరుగుదొడ్డి: ఉంది / లేదు’ అని ఒక గడి. నేను ‘ఉంది’ దగ్గర టిక్కు పెట్టాను. వేలిముద్ర వేయడానికి వచ్చిన ఒక తల్లి ఇంకుప్యాడ్ మీద బొటనవేలు ఆనించి, “సారూ, అండ్ల నీళ్లు లేవని రాసిండ్రా? మా పిల్ల దోపహర్‌కే ఇంటికొస్తది, మళ్ల పోనంటది” అన్నది. నీళ్ల కోసం ఆ ఫారంలో గడి లేదు. పక్కన ఖాళీలో రాయవచ్చు. ఫారం తిరిగొస్తుందన్న భయంతో నేను రాయలేదు. ఆమె వేలిముద్ర వేసి వెళ్లింది. ఏడో తరగతి హాజరు పట్టీలో మధ్యాహ్నం తర్వాత ఆడపిల్లలు ఎందుకు తగ్గుతున్నారని జిల్లా నుంచి నన్ను ఎవరూ అడగలేదు.

అధికారులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2016 అక్టోబరులో తెలంగాణలోని పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. అధికారులు చాలక, బడి చూసుకుంటూనే మూడు మండలాలకు ఇన్‌ఛార్జి ఎంఈఓగా, అంటే మండల విద్యాధికారిగా, నేనూ పనిచేశాను. తీరిక లేని అధికారికి బడి కన్నా బడి పంపిన అంకె దగ్గరవుతుంది. 2022లో ఒకే విద్యా సంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆంగ్ల మాధ్యమం, ప్రాథమిక తరగతులకు చదవడం, రాయడం, లెక్కల పునాది వేసే తొలిమెట్టు కార్యక్రమం వచ్చాయి. రెండూ పెద్ద మార్పులే. ఒక్క టీచరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టే చోట అవి ఎలా నడుస్తున్నాయో, ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిషు ఉన్న పుస్తకాన్ని పిల్ల ఏ వైపు నుంచి చదువుతున్నదో పక్కన కూర్చుంటే తప్ప తెలియదు. అయితే మా సమీక్షలన్నీ ‘ఎన్ని బడులు అప్‌లోడ్ చేశాయి’ అన్న ప్రశ్న దగ్గరే ముగిసేవి.

మిత్రులారా, మీలో చాలామంది ఈ నెలలోనే మొదటి తనిఖీకి వెళతారు. రిజిస్టర్లు అడగకముందు రెండు పీరియడ్లు చివరి వరుసలో పిల్లల మధ్య కూర్చోండి. కమిటీలోని తల్లులను పిలిచి, ఫారం మూసిపెట్టి మాట్లాడించండి. వారు చెప్పినదానికి గడి లేకపోతే ఖాళీలో రాయండి. రాసిన ప్రధానోపాధ్యాయుడి ఫారాన్ని దయచేసి తిప్పి పంపకండి.

ఆ బడికి తర్వాత కుళాయి వచ్చింది. అప్పటికి ఆ తల్లి కూతురు బడి మానేసి రెండేళ్లయింది.