బీచ్ రోడ్డు మీద మూడు న్యూరాన్లు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ మానేసి విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి, అదీ న్యూరాన్లకూ (మెదడు కణాలకూ) ఐడియల్ అనే బీజగణిత భావనకూ ఉన్న లంకె మీద లెక్కల ఉపన్యాసానికి వచ్చారు. ముందు మీకో దండం.

మెదడుకీ కంప్యూటర్‌కీ లంకె వేసే పరిశోధనకు బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ అని 1973లో పేరు పెట్టినవారు జాక్ విడాల్. 1988లో ఫార్వెల్, డాంచిన్ తెర మీద 36 గళ్ల పట్టిక పెట్టారు. అడ్డు వరుసలు, నిలువు వరుసలు ఒక్కొక్కటే మెరుస్తుంటాయి. మనసులో అనుకున్న అక్షరం ఉన్న వరుస మెరిసిన సుమారు 300 మిల్లీసెకన్లకు తలమీది ఎలక్ట్రోడ్లలో ఒక అల లేస్తుంది. దాన్ని పట్టుకుంటే అక్షరం దొరికినట్టే. 2021లో వెలువడిన ఒక ప్రయోగంలో చేతులు కదలని వ్యక్తి కలంతో రాస్తున్నట్టు ఊహించుకున్నారు. మెదడులో అమర్చిన ఎలక్ట్రోడ్ల ద్వారా నిమిషానికి 90 అక్షరాలు పడ్డాయి.

ఈ యంత్రాలను నడిపేది సంభావ్యత, గణాంకాలు. ఐడియల్స్ కాదు. గొప్పలు చెప్పి పంపడం నాకిష్టం లేదు కాబట్టి ముందే చెబుతున్నాను.

మరి ఐడియల్ ఊసెందుకు? సరిసంఖ్యల్ని చూడండి. రెండు సరిసంఖ్యలు కలిపితే సరిసంఖ్యే. సరిసంఖ్యను ఏ పూర్ణాంకంతో గుణించినా సరిసంఖ్యే. ఈ రెండు గుణాలున్న గుంపే ఐడియల్. గణితవేత్త కుమ్మర్ ఆలోచనకు 1871లో డెడెకిండ్ ఈ రూపమిచ్చారు. 1921లో ఎమీ నోథర్ దాన్ని విశాలమైన సిద్ధాంతంగా మలిచారు. వీళ్లెవరికీ న్యూరాన్ల ధ్యాస లేదు.

1971లో జాన్ ఓకీఫ్ ఎలుక మెదడులో ఒక్కో చోట మాత్రమే స్పందించే కణాలున్నాయని చూపారు; 2014లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. మన ఊళ్లో అలాంటివి మూడనుకుందాం. ఒకటోది కురుసుర జలాంతర్గామి దగ్గర స్పందిస్తుంది. రెండోది కైలాసగిరి మీద. మూడోది బీచ్ రోడ్డు పొడవునా. స్పందిస్తే 1, లేకపోతే 0. మూడు కణాల విలువల్ని వరుసగా x₁, x₂, x₃ అందాం. కురుసుర బీచ్ రోడ్డు మీదే ఉంది కనుక x₁(1−x₃) ఎప్పుడూ సున్నా. కొండా రోడ్డూ ఒకేసారి కుదరవు కనుక x₂x₃ సున్నా. ఇలా ఎప్పుడూ సున్నా అయ్యేవాటిని రెండు కలిపినా, దేనితో గుణించినా సున్నాయే కనుక వాటి గుంపు కూడా ఒక ఐడియలే.

ఇప్పుడు మొదటిదాన్ని x₂తో, రెండోదాన్ని x₁తో గుణించి కలపండి. x₁x₂ వస్తుంది. అంటే కురుసుర, కైలాసగిరి కణాలు కలిసి స్పందించవు. ఈ సంగతి మనం ఎవర్నీ అడగలేదు, ఐడియల్ నియమాలే చెప్పాయి. కర్టో, ఇట్స్‌కోవ్, వెలిజ్-క్యూబా, యంగ్స్ 2013లో చూపింది ఈ దారే. ఊరి పటం చేతిలో లేకున్నా, ఏ కణాలు కలిసి స్పందించాయో తెలిస్తే ఏ చోటు ఏ చోటులో ఇమిడి ఉందో, ఏవి తగలవో లెక్క కట్టవచ్చు. నాకు అక్షరాల వేగం కన్నా ఇదే ఎక్కువ ముచ్చట.

చిక్కల్లా రొదతోనే, అంటే నమోదులో దొర్లే తప్పులతోనే. ఎలక్ట్రోడ్ ఒక్కసారి పొరబడి 110 అని, అంటే మొదటి రెండు కణాలు స్పందించాయి, మూడోది లేదని, నమోదు చేసిందనుకోండి, x₁(1−x₃) ఇక సున్నా కాదు, x₁x₂ కూడా కాదు. సంభావ్యత ఒక తప్పుని మన్నిస్తుంది, సమీకరణం మన్నించదు. ఎమ్మెస్సీ పిల్లలు కొందరు వెనక కూర్చున్నారు. బోర్డు దగ్గరికి రండి. 000, 001, 101, 010 పక్కన ఆ 110ని కూడా రాసి, ఏ సంబంధాలు బతికాయో చూద్దాం. x₂x₃ మాత్రం చెక్కుచెదరలేదు, అక్కడ మొదలుపెట్టండి.