మరువం వాసన వచ్చే లివర్ సాసేజ్: ఎంత తినాలి, ఎలా వండాలి

అందరికీ నమస్కారమండీ. నా చేతిలో ఉన్న ఈ చిన్న పొట్లం పేరు లేబర్‌వుర్స్ట్. లేబర్ అంటే కార్జం, వుర్స్ట్ అంటే సాసేజ్. జర్మనీలో ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా, ఏ మాంసం కొట్లోనైనా దొరుకుతుంది. పేరుకి సాసేజే గానీ, ఎక్కువగా వెన్నలా రొట్టె మీద రాసుకుని తింటారు. నేనుండేది జర్మనీలోని తురింగియా రాష్ట్రంలో, యేనా అనే ఊళ్లో. మన బందరు లడ్డుకి ఉన్నట్టే, ఇక్కడి తురింగియా లేబర్‌వుర్స్ట్‌కి కూడా భౌగోళిక గుర్తింపు ఉంది.

ముందు దీని వాసన గురించి చెప్పాలి. ఇదిగో, చాకు మొనతో తొడుగు చీలుస్తున్నాను. లోపల లేత గోధుమరంగు ముద్ద, అందులో పచ్చటి చుక్కలు. దగ్గరగా చూపిస్తున్నా, కనిపిస్తున్నాయా? మొదటిసారి వాసన చూసినప్పుడు ఇదెక్కడో బాగా తెలిసిన వాసనే అనిపించింది. ఏమిటో తట్టడానికి రెండు రోజులు పట్టింది. మరువమండీ! మల్లెపూల మధ్యలో పెట్టి కడతారే, ఆ మరువమే. జర్మన్లు దాన్ని మయోరాన్ అంటారు. రెండూ ఒకటే మొక్క. మనం జడలో పెట్టుకుంటాం, వీళ్లు ఎండబెట్టి కార్జంలో వేస్తారు.

మొత్తం కార్జమే అనుకోకండి. సాధారణంగా అది మూడో వంతు కన్నా తక్కువే, మిగతాది పంది మాంసం, కొవ్వు. ఎంత శాతమో లేబుల్ మీద ఉంటుంది. మాంసం, కొవ్వు ముందే ఉడికించి, పచ్చి కార్జాన్ని మెత్తగా రుబ్బి వాటితో కలుపుతారు. కార్జంలోని ప్రోటీనే కొవ్వును విడిపోకుండా పట్టుకుంటుంది. తర్వాత ఉల్లిపాయ, మిరియాలు, మరువం వేసి తొడుగులో నింపి వేడినీళ్లలో ఉడికిస్తారు. నీళ్లు మరిగితే తొడుగు పగులుతుంది, అందుకే సన్నటి వేడి.

పంది మాంసం తినని వాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినండి. కాల్బ్స్‌లేబర్‌వుర్స్ట్ అని ఉంటుంది. కాల్బ్ అంటే దూడ. అయినా అందులో పంది మాంసం కూడా కలుస్తుంది. గెఫ్లూగెల్ అని రాసి ఉంటే కోడి లాంటి పక్షి మాంసం, కానీ చాలాసార్లు కొవ్వు మాత్రం పందిదే. వెనక లేబుల్‌లో ష్వైన్ అన్న మాట ఉందేమో వెతకండి, అది పంది. ఇంకొకటి, పక్కనే ఇలాంటి పొట్లంలోనే టేవుర్స్ట్ ఉంటుంది. అందులో కార్జం లేదు, అది ఉడికించని పచ్చి మాంసం. గర్భిణులు, చిన్నపిల్లలు దాని జోలికి వెళ్లొద్దు.

ఇక పోషకాలు. రకాన్ని బట్టి మారతాయి గానీ, 100 గ్రాముల్లో దాదాపు 300 క్యాలరీలు, 25 గ్రాముల కొవ్వు, 12 గ్రాముల ప్రోటీన్ అనుకోండి. దీని అసలు బలం బి12, ఐరన్, విటమిన్ ఎ. రొట్టె ముక్క మీద రాసుకునే 30 గ్రాములతోనే ఒక రోజుకి కావాల్సిన బి12 ఇంచుమించు వచ్చేస్తుంది. ఇందులోని ఐరన్ కూడా ఆకుకూరల్లోని ఐరన్ కన్నా ఒంటికి తేలిగ్గా పడుతుంది. కార్జం తింటే రక్తం పడుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

అయితే విటమిన్ ఎ దగ్గర ఆగాలి. పెద్దవాళ్లయిన ఆడవాళ్లకి రోజుకి 700 మైక్రోగ్రాములు చాలు. ఆ 30 గ్రాముల్లోనే వెయ్యి దాటొచ్చు. ఇది ఒంట్లో నిలవుండే విటమిన్. నేను కడుపుతో ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ "కార్జం తినవే, రక్తం పడుతుంది" అనేది. ఇక్కడి డాక్టరమ్మ మాత్రం వద్దే వద్దంది, ముఖ్యంగా మొదటి మూడు నెలలు. విటమిన్ ఎ మరీ ఎక్కువైతే కడుపులో బిడ్డకి హాని. కాబట్టి గర్భిణులు, ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు ఈ వీడియో చూసి మాత్రం తినకండి. మిగతావాళ్లు వారానికి ఒకటి రెండుసార్లు, ఇదిగో ఇంత, రెండు స్పూన్లు. యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లు, బీపీకి ఉప్పు తగ్గించమన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే.

ఇప్పుడు తినడం. ఫ్రిజ్‌లోంచి తీసి పదిహేను నిమిషాలు బయట ఉంచండి, మెత్తబడితేనే రుచి తెలుస్తుంది. రై అనే ధాన్యం పిండితో చేసిన నల్లరొట్టె మీద పల్చగా రాసి, పైన ఊరబెట్టిన పుల్లటి కీరదోస ముక్కలు, కొంచెం ఆవాల పేస్టు. ఆ పులుపు మానకండి, కొవ్వు వెగటుని అదే విరిచేస్తుంది.

నాకు ఎక్కువ ఇష్టం మాత్రం వేడిగా. దీనికి గ్రోబె అని రాసినది తీసుకోండి, అంటే బరకగా రుబ్బినది. ఒక ఉల్లిపాయ సన్నగా తరిగి కాస్త వెన్నలో దోరగా వేయించండి. సగం పుల్లటి ఆపిల్ ముక్కలు వేసి రెండు నిమిషాలు ఆగండి. మంట బాగా తగ్గించి, తొడుగు తీసేసిన లేబర్‌వుర్స్ట్ నలుగురికి సరిపడా, ఒక 120 గ్రాములు వేయండి. చూస్తున్నారుగా, అంచుల నుంచి కరిగి ఉల్లిపాయకి పట్టుకుంటోంది. ఇప్పుడే ఇల్లంతా మరువం వాసన. ఉప్పు వేయొద్దు, అందులోనే ఉంది. మిరియాల పొడి చాలు. ఉడికించిన బంగాళాదుంపల మీద వేసుకోండి, పక్కన సావర్‌క్రౌట్, అంటే పులియబెట్టిన క్యాబేజీ తురుము. ఇక్కడి పల్లెల్లో చలికాలం పందిని కోసినప్పుడు రక్తపు సాసేజ్‌తో కలిపి ఇలాగే వేడివేడిగా వడ్డించేవారు.

జర్మన్లు అలిగి మూతి ముడుచుకున్నవాళ్లని "అలిగిన లేబర్‌వుర్స్ట్" అంటారు. మా పాపకి రెండో ముద్ద వద్దన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

మిగిలినదాన్ని ఇలా గాజు డబ్బాలో పెట్టి మూత బిగించండి. ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో తినేయండి. ప్రతిసారీ శుభ్రమైన చాకుతోనే తీయండి.