మొదటి బ్యాచ్ బీరు సీసాల్లోకి: బాటిలింగ్ కిట్‌లో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

హాయ్ అండీ, అందరికీ నమస్తే. మొదటి బ్యాచ్ బీరు పులవడం అయిపోయింది, ఇక సీసాల్లో పోయాలి, గ్యాస్ సరిగ్గా ఎక్కుతుందో లేదో అని టెన్షన్ పడుతున్నవాళ్ల కోసమే ఈ వీడియో. ఈ బల్ల మీద ఉన్నదంతా మామూలుగా స్టార్టర్ కిట్‌లో వచ్చే సామానే. కుళాయి ఉన్న బకెట్, బీరుని ఒక బకెట్ నుంచి ఇంకోదానిలోకి లాగే సైఫన్ పైపు, సీసాలు నింపే గొట్టం అంటే బాటిలింగ్ వాండ్, మూతలు బిగించే రెండు పిడుల క్యాపర్, మూతలు, ఒక చక్కెర ప్యాకెట్, ఒక చెంచా కొలత. వీటితోనే నా మొదటి బ్యాచ్ సీసాల్లో పోశాను, ఇప్పుడు తాగి చూశాకే మాట్లాడుతున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తా: అన్నిటికంటే చిన్నదిగా కనిపించే ఈ వాండే అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది, ఆ చక్కెర ప్యాకెట్‌ని మాత్రం ఉన్నదున్నట్టు బకెట్‌లో గుమ్మరించకండి.

మీరున్న చోట ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోండి. తాగే వయసు రానివాళ్లు ఇక్కడే ఆపేయండి.

సరే, ముందు హైడ్రోమీటర్ సంగతి. ఇది బీరు సాంద్రత, అంటే గ్రావిటీ, కొలిచే గాజు గొట్టం, ఈస్ట్ చక్కెర తినేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. చాలా కిట్లలో ఇది ఉండదు, విడిగా కొనాలి, కొనండి. ఎయిర్‌లాక్‌లో, అంటే గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని ఆ చిన్న బిరడాలో, బుడగలు ఆగిపోయాయి కదా, పులవడం అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది, కానీ బకెట్ మూత కాస్త వదులుగా ఉన్నా బుడగలు రావు, చల్లబడినా ఆగిపోతాయి. రెండు మూడు రోజుల తేడాతో తీసిన రీడింగులు ఒకటే ఉంటేనే అయిపోయినట్టు. దీని మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. గ్యాస్‌ని వాల్యూముల్లో లెక్కేస్తారు, లీటరు బీరులో లీటరు గ్యాస్ కరిగి ఉంటే ఒక వాల్యూమ్. మామూలు ఏల్ బీరుకి 2.4 దగ్గర ఉంటే బాగుంటుంది. గ్రావిటీలో ఒక్క పాయింట్, అంటే 0.001, సీసాలో తగ్గినా దాదాపు అర వాల్యూమ్ గ్యాస్ పుడుతుంది, అంటే 1.012 దగ్గర ఆగాల్సిన బీరుని 1.016 దగ్గరే సీసాల్లో పోసేస్తే, మీరు వేసిన చక్కెర కాకుండా ఇంకో రెండు వాల్యూములు అదనంగా చేరతాయి. మామూలు బీరు సీసా ఆ ఒత్తిడికి చేసింది కాదు, పగిలితే గాజు ముక్కలు గది అంతా ఎగురుతాయి. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, నిజంగానే జరుగుతుంది.

ఇప్పుడు చక్కెర. సీసా లోపల మిగిలిన ఈస్ట్ ఈ కాస్త చక్కెర తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, మూత బిగించి ఉంది కాబట్టి అది బయటికి పోలేక బీరులోనే కరుగుతుంది, అంతే విషయం. ప్యాకెట్‌తో వచ్చిన ఇబ్బంది ఏంటంటే, అది కిట్ చెప్పిన మొత్తం లీటర్లకి కొలిచి పెట్టింది, చాలా కిట్లలో 23 లీటర్లు. అడుగున మడ్డి వదిలేసి, శాంపిళ్లు తీసుకున్నాక మీ చేతిలో అంత ఉండదు. 23 లీటర్లకి 2.4 వాల్యూములు వచ్చేలా కొలిచిన చక్కెరని 19 లీటర్లలో వేస్తే 2.7 దాటిపోతుంది. పగలకపోవచ్చు గానీ పోసినప్పుడల్లా గ్లాసు సగం నురగే.

లెక్క చాలా తేలిక. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో ముందే 0.85 వాల్యూమ్ దాకా గ్యాస్ కరిగి ఉంటుంది. మనకి కావాల్సింది 2.4, తేడా 1.55. ఒక్కో వాల్యూమ్‌కి లీటరుకి దాదాపు 4 గ్రాముల మామూలు పంచదార. అంటే లీటరుకి 6 గ్రాముల పైచిలుకు, 19 లీటర్లకి 118 గ్రాములు. డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ చక్కెర, వాడితే ఓ పది శాతం ఎక్కువ వేసుకోండి. రుచిలో నాకు తేడా తెలియలేదు, ఇంట్లో ఉన్న పంచదారే చాలు. కానీ కాటా మీద తూచండి. ఆ చెంచా కొలత నాకు నచ్చలేదు, సీసా సీసాకీ ఎక్కువతక్కువగా పడుతుంది, పైగా పొడి చక్కెర బీరులో పడగానే నురగ పొంగుకొస్తుంది. గ్యాస్ కోసం అమ్మే చక్కెర బిళ్లలు ఉన్నాయి కదా, చిన్న బ్యాచ్‌కి అవి బాగానే ఉంటాయి, 330 మిల్లీ సీసాకి ఒకటి వేస్తే సరి, కాకపోతే గ్యాస్ తక్కువ కావాలన్నా ఎక్కువ కావాలన్నా మన చేతిలో ఉండదు.

తూచిన చక్కెరని గ్లాసున్నర నీళ్లలో వేసి మరిగించి, చల్లార్చి, ముందు ఖాళీ బకెట్‌లో పోసేయండి. తర్వాత సైఫన్ పైపు కొనని బకెట్ అడుగున గోడ వెంట వంపుగా పెట్టి బీరు వదలండి, చూడండి, బీరు ఇలా సుడి తిరుగుతూ నిండుతోంది, పాకం తనంతట తనే కలిసిపోతుంది. అయినా చివర్లో శానిటైజ్ చేసిన గరిటెతో నెమ్మదిగా ఓసారి తిప్పుతాను, పైకి చిమ్మకుండా. సరిగ్గా కలవకపోతే ఒక సీసా చప్పగా, పక్కదే పొంగుతూ వస్తుంది.

ఇక వాండ్. కెమెరా దగ్గరికి తెస్తున్నా. కింద ఈ చిన్న స్ప్రింగ్ ఉన్న మొన చూశారా, సీసా అడుక్కి ఆనించి నొక్కితే బీరు వస్తుంది, పైకెత్తితే ఆగిపోతుంది. అడుగు నుంచి నిండుతుంది కాబట్టి గాలి కలవదు, ఈ దశలో బీరుకి గాలి తగిలితే కొన్ని వారాలకి తడిసిన అట్టముక్క రుచి వస్తుంది. సీసా అంచు దాకా నింపి వాండ్ బయటికి తీస్తే మట్టం దానంతటదే దిగి, పైన దాదాపు రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఒకే రకం సీసాలైతే అన్నిటికీ అంతే ఖాళీ, కొలవక్కర్లేదు. ఇంత సాదా వస్తువు ఇంత కచ్చితంగా పనిచేయడం చూసి నాకు చాలా ముచ్చటేసింది.

క్యాపర్‌కి మధ్యస్థంగానే మార్కులు. 26 మిల్లీమీటర్ల మూతలకి బాగా బిగిస్తుంది, కానీ రెండు పిడుల మీదా సమానంగా నొక్కాలి, ఒక పక్కకి ఒరిగితే మెడ విరిగే ప్రమాదం ఉంది. మరతిప్పుడు మూతల సీసాలు దీనికి పనికిరావు. వారంవారం చేసే ఆలోచన ఉంటే బల్ల మీద నిలబెట్టే క్యాపర్ కొనుక్కోండి, చేతులు నొప్పి పుట్టవు. సీసాలు గోధుమ రంగువే తీసుకోండి, ఆకుపచ్చ, తెల్ల గాజులోంచి వెలుతురు దూరి హాప్స్ పూలిచ్చే చేదుని పాడుచేసి ఒక రకం కంపు తెస్తుంది. శానిటైజర్ గురించి ఎక్కువ చెప్పను: ముందు కడగాలి, ఆ తర్వాతే శానిటైజర్. మురికి మీద శానిటైజర్ పోస్తే ఏం లాభం లేదు. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో చేసే, కడగక్కర్లేని రకం అయితే, చెప్పిన పాళ్లలో కలిపితే సీసాలో మిగిలిన నురగకి భయపడనక్కర్లేదు.

సీసాలు అట్టపెట్టెలో పెట్టి మూసి, 20 నుంచి 22 డిగ్రీలుండే చీకటి చోట రెండు వారాలు వదిలేయండి. ఫ్రిజ్‌లో ఇప్పుడే పెట్టకండి, చల్లబడితే ఈస్ట్ పని మానేస్తుంది. ఒకటి మాత్రం ప్లాస్టిక్ సోడా సీసాలో నింపండి, పైనుంచి నొక్కి చూస్తే చాలు, రాయిలా గట్టిపడిందంటే గ్యాస్ చేరుతున్నట్టు.

ఇదిగో, రెండూ పక్కపక్కన పోస్తున్నా. ఎడమది మొదటి వారంలోనే ఫ్రిజ్‌లో పెట్టింది: పెద్ద పెద్ద బుడగలు, నురగ వెంటనే పడిపోయింది, కాస్త తీపి మిగిలే ఉంది. కుడిది రెండు వారాలు పూర్తిగా ఉంచి, తర్వాత రెండు రోజులు చల్లబెట్టింది. ఈ నురగ చూడండి, సన్నగా, గ్లాసుని పట్టుకుని దిగుతోంది. తాగితే నాలుక మీద సన్నగా చురుక్కుమంటుంది, తీపి అసలు లేదు. ఒకటే బ్యాచ్ అండీ ఇది. చల్లబెట్టిన ఆ రెండు రోజులూ కూడా ముఖ్యమే, మూత కింద ఉన్న గ్యాస్ బీరులోకి దిగేది అప్పుడే.

రెండు వారాల తర్వాత కూడా చప్పగా ఉంటే కంగారుపడి చక్కెర కలపకండి. సీసాలని ఒకసారి మెల్లగా తలకిందులు చేసి, ఇంకాస్త వెచ్చటి చోట మరో వారం ఉంచండి. పొంగిపోతుంటే మాత్రం ఆలస్యం చేయకండి, చేతికి మందపాటి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని, అన్నిటినీ బాగా చల్లబెట్టి, ఒక్కోదాని మూతా కాస్త ఎత్తి గ్యాస్ వదిలి, కొత్త మూత బిగించండి.

మొత్తానికి ఈ కిట్ కొనొచ్చు, దీంతోపాటు గ్రాముల కాటా, హైడ్రోమీటర్ కూడా తెచ్చుకోండి. గ్లాసులో పోసేటప్పుడు అడుగున సెంటీమీటరు బీరు సీసాలోనే వదిలేయండి, అది ఈస్ట్ మడ్డి. పోయగానే సీసాని వేడినీళ్లతో గిలకొట్టి కడిగేయండి, ఆ మడ్డి ఎండిందంటే తర్వాతి బ్యాచ్ నాటికి బ్రష్ పెట్టి రుద్దినా ఓ పట్టాన వదలదు.