ఆషాఢంలో దొరికే సెలవు: దుబాయ్ హోటల్ ఉద్యోగం

నమస్కారమండీ. ఇక్కడ ఉదయం ఏడున్నర. రాత్రి డ్యూటీ ముగించుకొని స్టాఫ్ బస్సులో అల్ కూజ్‌లోని మా వసతికి వెళుతున్నాను. పక్క సీట్లో హౌస్‌కీపింగ్ కుర్రాడు నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకండి.

హోటల్ ఉద్యోగంలో పైకి రావచ్చా, ఇంటికి సమయం మిగులుతుందా అని చాలామంది అడుగుతున్నారు. పైకి రావచ్చు. నేను ఫ్రంట్ ఆఫీసులో చేరిన కొత్తలో, ఎవరికీ ఇష్టం లేని నైట్ ఆడిట్‌ను, అంటే ఆ రోజు లెక్కలన్నీ రాత్రిపూట సరిచూసే పనిని, అడిగి మరీ తీసుకున్నాను. పగటిపూట రిసెప్షన్‌లో అతిథికి నవ్వుతూ గది తాళం ఇవ్వడమే ప్రధానమైన పని; రాత్రి రెండు దాటాక మాత్రం రెస్టారెంట్ బిల్లులు, కార్డు చెల్లింపులు, గది అద్దెలు, గదికి ఇంత అని వసూలు చేసే టూరిజం దిర్హమ్ అనే రుసుము, అన్నీ సరిచూసి సిస్టమ్‌లో తేదీ మార్చేసరికి, హోటల్‌కు డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో తెలిసివస్తుంది. నన్ను నైట్ మేనేజర్‌ను చేసింది ఆ లెక్కలే గాని నా చిరునవ్వు కాదు. అయితే హోదా మారినా రాత్రులు మారలేదు.

ఇక సమయం సంగతి. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులో ఉన్న ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకుండా పని, వారానికి కనీసం ఒక రోజు విశ్రాంతి, ఏడాది నిండితే జీతంతో 30 రోజుల సెలవు ఉంటాయి. కాగితం మీద లోటేమీ లేదు. కానీ ఆ 30 రోజులు ఎప్పుడన్నది పని అవసరాన్ని బట్టి యజమాని నిర్ణయించవచ్చు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా పర్యాటకుల సీజన్. దీపావళి, సంక్రాంతి, ఉగాది అన్నీ అందులోనే కొట్టుకుపోతాయి. ఎండలు మండిపోయే జూన్, జూలైలలో గదులు ఖాళీ అవుతాయి కనుక మాకు సెలవు దొరికేది సరిగ్గా ఆషాఢంలో. ఇక్కడి బడులకూ అప్పుడే సెలవులు కావడంతో విమాన టికెట్ ధరా మండుతుంది. ముహూర్తాలు లేని నెలలో ఊరికి వెళ్లి, తమ్ముడి పెళ్లిని ఆల్బమ్‌లో చూసి వచ్చినవాణ్ని నేను.

రాత్రి డ్యూటీల రోస్టర్ ఇప్పుడు నేనే రాస్తున్నాను. జనవరి పండుగకు నా కింద పనిచేసే మన తెలుగువాళ్లిద్దరు సెలవు అడిగారు. భోగి ఒకరికి, కనుమ ఒకరికి ఇచ్చాను. సంక్రాంతి రాత్రి గడిలో నా పేరు రాసుకున్నాను.